లండన్ పాటకు తిరుత్తణి తీర్పు

తిరుత్తణి వెళ్ళినవాళ్ళు గుండుతో తిరిగొస్తారు. నేను వెళ్ళినప్పటి జుట్టుతోనే తిరిగొచ్చాను. నా మూలంగా గుండు చేయించుకున్నది ఇంకొకాయన. ఆ కథ చెప్పాలంటే ముందు నా పాటల పిచ్చి గురించి నాలుగు ముక్కలు చెప్పాలి.

బెజవాడలో నాది గుమాస్తా ఉద్యోగం. దాని గురించి చెప్పడానికేమీ లేదు. వారానికోసారి ఒక పత్రికలో కొత్తగా వచ్చిన ఇంగ్లీషు పాటల మీద నా అభిప్రాయం రాస్తాను. విశాఖ రేవులో పనిచేసే స్నేహితుడొకడు ఓడల మీద వచ్చేవాళ్ళ దగ్గర రికార్డులూ క్యాసెట్లూ కొని పంపిస్తాడు. నేను విని మార్కులు వేస్తాను. మార్కులు అణాల్లో. పదహారణాల పాటలు ఇంతవరకూ రెండే దొరికాయి. ఆ పేజీ చదివేవాళ్ళు కూడా ఇద్దరేనని మా ఆవిడ అంటుంది.

ఈమధ్య లండన్‌లో పంక్ అని ఒక రకం పాట పుట్టింది. జుట్టు పుంజు తలమీద కుచ్చులా నిలబెట్టి, చొక్కాకి పిన్నీసులు గుచ్చుకుని, గిటారు మీద మూడే మూడు పట్లు నేర్చుకుని, గొంతు చించుకునే కుర్రాళ్ళ పాట. వాళ్ళలో ఒక గుంపు వేసిన రికార్డు మీద నేను ‘అణా కూడా ఎక్కువే’ అని రాశాను. ఆ గుంపు పేరు ఇక్కడ రాయను. తెలుగులో రాస్తే సంపాదకుడు కొట్టేస్తాడు. పాట సంగతి మాత్రం చెప్తాను. ఒక కుర్రాడు గదిలో గడియ వేసుకుని, ఎవరు కొట్టినా తలుపు తియ్యను పొమ్మని పాటంతా కేకలు పెడతాడు. అంతకుమించి అందులో ఏమీ లేదు.

అది అచ్చయిన కొన్నాళ్ళకి నా బావమరిది దేవరాజు మా ఇంటికొచ్చాడు. వాళ్ళది నగరి. పట్టాభిరామ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికి తిరువళ్ళూరులో కాపురం పెట్టాడు. భోజనమయ్యాక నా రికార్డులు తిరగేస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయాడు. నల్లటి పెద్ద ప్లేటు, మధ్య కాగితం మీద ఎర్ర తలుపు బొమ్మ.

“బావా, ఈ తలుపు బొమ్మ ప్లేటు మా మునిరత్నం మామ కాడ ఉండాది. మైక్ సెట్టు ఆయన. మా పక్క చావింటికి దీన్నే ఏస్తాడు. దీనికి ఏడవని మనిషి లేడు.”

నేను అణా ఇచ్చిన పాట అదేనని చెప్పాను. వాడు నమ్మలేదు. వాడు చెప్పింది నేనూ నమ్మలేదు. మాటల్లో తెలిసిందేమిటంటే, మునిరత్నం దగ్గరున్న ప్లేటు అరిగి గీతలు పడింది. తిరుత్తణిలో రాజమ్మ అనే ఆవిడ భర్త గోవిందసామి, లారీ డ్రైవరు, పోయిన ఏడాది గుండె ఆగి చనిపోయాడు. అప్పుడు మునిరత్నం ఈ పాటే వేశాడు. రాబోయే సంవత్సరీకానికి కూడా అదే వెయ్యాలని ఆవిడ పట్టు. అరిగిన ప్లేటుతో పరువు పోతుందని మునిరత్నం దిగులు.

“నువ్వు ఇది తెచ్చిస్తే ఆయన నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాడు బావా,” అన్నాడు దేవరాజు.

నేను చెత్త అన్న పాటకి ఊళ్ళకి ఊళ్ళు ఏడుస్తున్నాయంటే, అభిప్రాయాలు రాసేవాడికి అన్నం సయిస్తుందా? సెలవు పెట్టాను.

కరెంటు బండిలో

మద్రాసు నుంచి తిరువళ్ళూరు పోయే కరెంటు బండిలో నా ఎదురుగా ఖాళీ గంపలతో ఒక పెద్దావిడ కూర్చుంది. పట్నంలో జామకాయలు అమ్ముకుని ఇంటికి పోతోంది. నా ఒళ్ళో రికార్డు, చేతిలో చిన్న టేప్ రికార్డరు. ఆ వారం రాయాల్సిన కొత్త క్యాసెట్టు వింటున్నాను. ఇద్దరు మనుషులు మిషన్ల మీద వాయించిన పాప్ పాటలు. పక్కన ఎవరైనా ఉంటే అభిప్రాయం అడగడం నాకు దురలవాటు.

ఆవిడ తలొంచి శ్రద్ధగా వింది. “ఈ పాటలో మనిషి యాడ ఉండాడు నాయినా?” అంది.

సరిగ్గా నేను రెండు పేజీల్లో చెబుదామనుకున్న మాట. తర్వాత ఇంకో క్యాసెట్టు పెట్టాను. కొత్త అమ్మాయి, సన్నటి గొంతు, వెనక గిటార్లు కాస్త గరుగ్గా ఉంటాయి. ఈ రకాన్ని అక్కడ ప్రత్యామ్నాయ సంగీతమంటున్నారు. దేనికి ప్రత్యామ్నాయమో వాళ్ళకే తెలియాలి. నాకు మాత్రం ఆ పిల్ల పాట నచ్చింది.

“ఈ పిల్ల గొంతు బాగుండాది. అన్నం పెట్టి పాడించినారో లేదో, ఆకలి మీద ఉండే మాదిరి ఉండాది,” అంది ఆవిడ.

ఎన్ని అణాలు ఇవ్వచ్చని అడిగాను. “అణాలు ఇప్పుడు యాడుండాయి?” అని నా వంక జాలిగా చూసి, గంప అడుగున మిగిలిన రెండు జామకాయలు చేతిలో పెట్టి దిగిపోయింది.

తిరువళ్ళూరు

తిరువళ్ళూరులో దిగ్గానే దేవరాజు హోటలుకి తీసుకెళ్ళాడు. ఇక్కడ ఇడ్లీకి వడకర్రీ వేస్తారు. మా వైపు పొద్దుటి వడ మిగిలితే సాయంత్రం మజ్జిగలో పడేస్తాం. వీళ్ళు దాన్ని చిదిపి మసాలాలో ఉడికించి మళ్ళీ ఇడ్లీ మీద పోస్తారు. మొదట మొహం చిట్లించాను, తర్వాత రెండోసారి వేయించుకున్నాను. అల్లప్పచ్చడి అడిగితే వడ్డించేవాడు నన్ను మందు అడిగిన రోగిని చూసినట్టు చూశాడు. ఇడ్లీ, వడకర్రీ, కాఫీ కలిపి ఇద్దరికీ ఐదు రూపాయలు కాలేదు. కాఫీ మాత్రం బెజవాడలో అంత మంచిది నేను తాగలేదు. మా ఊరివాళ్ళు కోప్పడితే పడనివ్వండి.

బజారు వెనక సందులో మునిరత్నం నాయుడి కొట్టు. గోడకి హారన్లు, నేల మీద వైరు చుట్టలు, బల్ల మీద రికార్డు ప్లేయరు. అరవై దాటిన మనిషి, నెరిసిన ఒత్తైన జుట్టు వెనక్కి దువ్వి, కొబ్బరినూనె ఘుమఘుమలాడుతూ ఉన్నాడు. ఆ జుట్టంటే ఆయనకి ప్రాణమని చూడగానే తెలిసింది.

“దేవరాజుకి బావంటే నాకు అల్లుడే గదా. రా అల్లుడూ. అణా కూడా ఎక్కువే అని రాసింది నువ్వేనా?”

ఆయన తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. చదువు అరవంలో జరిగింది. నా పేజీ దేవరాజు చదివి వినిపిస్తాడట. మా ఆవిడ లెక్కలో ఆ రెండో పాఠకుడు ఈయనే అయ్యుంటాడు.

ఎదుట సందు మలుపులో కొత్త సౌండ్ సర్వీసు వచ్చింది. రెండు క్యాసెట్టు డెక్కులు, రంగు దీపాలు. పెళ్ళిళ్ళన్నీ అటే పోతున్నాయి. మునిరత్నానికి మిగిలినవి చావులు, సంవత్సరీకాలు. దానికి ఆయన ఏమీ నొచ్చుకోలేదు. “పెండ్లిలో పాట ఎవురు ఇంటారు? అందురూ తిండి మీదనే ఉంటారు. చావింట్లో ఇంటారు,” అన్నాడు. మా వైపు చావింట్లో మైకు పెడితే శ్లోకాలు తప్ప ఇంకేమీ వెయ్యనివ్వరు. ఇక్కడ పోయినవాణ్ణి పాటతో సాగనంపడం మర్యాద.

కొత్త పాటకి ఆయన పెట్టే పరీక్ష నాకు బాగా నచ్చింది. వీధిలోకి వినబడేలా వేసి, వింటున్నవాళ్ళని చూడడు. ఎదురు హోటల్లో పరోటా పిండి కొట్టేవాణ్ణి చూస్తాడు. వాడి చెయ్యి ఆగితే అది పాట. ఆగకపోతే ప్లేటు మళ్ళీ అట్టలోకి పోతుంది.

ఈ తలుపు బొమ్మ ప్లేటు ఆయనకి మద్రాసు మూర్ మార్కెట్లో పాత సామాన్ల కుప్పలో దొరికింది. అట్ట లేదు. మధ్య కాగితం సగం చిరిగి, బొమ్మ మాత్రం మిగిలింది. “పెడతా, ఇను,” అన్నాడు.

ముందు గిటారొక్కటే వచ్చింది, బరువుగా, మంద్రంగా. తర్వాత డ్రమ్ము, శవం ముందు తప్పెట పడ్డట్టు నిదానంగా. ఆ పైన గొంతు. ఎప్పుడూ ఏడవని పెద్దమనిషి ఒకడు ఎవరూ చూడటం లేదనుకుని ఏడుస్తున్నట్టుంది. నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఎదురుగా పరోటా కొట్టే చెయ్యి ఆగింది. ఇంతలో ముల్లు గీత మీద ఎగిరి పాట ముందుకి దూకింది. మునిరత్నం తనకే దెబ్బ తగిలినట్టు కళ్ళు మూసుకున్నాడు.

“ఇది నేను విన్న పాట కాదు,” అన్నాను.

“అదే ప్లేటు గదా అల్లుడూ. నీది పెట్టు, చూద్దాము.”

నా ప్లేటు పెట్టాడు. అదే ఏడుపు, గీతలు లేకుండా. ఆయన మొహం వెలిగిపోయింది. నేను మాత్రం తిరుగుతున్న కాగితం మీద చిన్న అక్షరాలు చూశాను. ఆయన చెయ్యి పక్కనున్న మీట చూశాను. అప్పుడు బోధపడింది.

రికార్డుల సంగతి తెలియనివాళ్ళకి చెప్తాను. మన దగ్గర చిన్న ప్లేటు నిమిషానికి నలభైఅయిదు చుట్లు తిరగాలి, పెద్ద ప్లేటు ముప్పైమూడు. మైక్ సెట్టువాళ్ళు కాగితం చదవరు, సైజు చూసి మీట జరుపుతారు. ఎన్నడూ తప్పు పోలేదు. లండన్ వాళ్ళు ఈమధ్య పెద్ద ప్లేటు మీద ఒకే పాట వేసి, దాన్ని నలభైఅయిదులో తిప్పమంటున్నారు. మునిరత్నం దాన్ని ఇన్నాళ్ళూ ముప్పైమూడులో తిప్పాడు. అరుపు కాస్తా ఏడుపైంది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే వంగి మీట నలభైఅయిదుకి జరిపాను. కొట్టు దద్దరిల్లింది. సందులో కుక్క లేచి మొరిగింది. పరోటా చెయ్యి ఈసారి రెట్టింపు వేగంతో కొట్టింది.

“అసలు పాట ఇదీ మామా!” అన్నాను గొప్పగా.

మునిరత్నం పాట చివరిదాకా విన్నాడు. ముల్లు ఎత్తి పక్కన పెట్టాడు. నా నవ్వు అప్పటికి చచ్చిపోయింది.

“ఎన్ని చావులకి ఏసినా అల్లుడూ,” అన్నాడు. “ఒగడు పొగురెక్కి అరస్తా ఉంటే, దాన్ని ఏడుపని చెప్పి శవం ముందర ఏసినానే. పోయినోళ్ళు ఏమి అనుకోని పోయినారో.”

దేవరాజు నన్ను గుడ్లురిమి చూశాడు. “నోరు మూసుకోనుంటే ఏమి పొయ్యుండును బావా?” అన్నాడు. నిజమే. నాకప్పుడు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

నేనేం చెప్పినా మునిరత్నం వినలేదు. మర్నాడు తిరుత్తణి కొండెక్కి గుండు చేయించుకుని స్వామి ముందు తప్పు ఒప్పుకుంటానన్నాడు. తర్వాత రాజమ్మ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్తానన్నాడు. ఆమె సెట్టు ఎత్తుకుపొమ్మంటే ఎత్తుకుపోతాడు, ఇంక ఎవరి చావుకీ పాట వెయ్యడు.

కనకమ్మసత్రం దగ్గర టీ

మర్నాడు హారన్లు తిరుత్తణి బస్సు మీద, ప్లేయరు మునిరత్నం ఒళ్ళో, ప్లేటు నా ఒళ్ళో. కిటికీలోంచి ఎండ సరిగ్గా ప్లేటు మీదే పడుతోంది. ఎండకి ప్లేటు అప్పడంలా వంకర తిరుగుతుందని నాకు భయం. బస్సులోనే గొడుగు విప్పాను. వెనక సీట్లో కాలేజీ అమ్మాయిలు పడీ పడీ నవ్వారు. కండక్టరు వచ్చి, గొడుక్కి టిక్కెట్టు కావాలా నాకు కావాలా అని అరవంలో అడిగాడు. మామూలుగా అయితే మునిరత్నం అందరికంటే గట్టిగా నవ్వేవాడని దేవరాజు అన్నాడు. ఆయన కిటికీలోంచి వేరుసెనగ చేలు చూస్తూ కూర్చున్నాడు.

కనకమ్మసత్రం దగ్గర బస్సు ఆగింది. టీ కొట్టాయన తెలుగువాడే. నేను బెజవాడ అనగానే, మీరు ఆవకాయలో అన్నం కలుపుకుంటారా, అన్నంలో ఆవకాయ కలుపుకుంటారా అని వేళాకోళమాడాడు. టీ పోయడంలో మాత్రం దిట్ట. రెండు గ్లాసుల మధ్య బారెడు ధార లాగాడు, చుక్క కింద పడలేదు.

మునిరత్నం మనసు కాస్త తేలిక చేద్దామని ఆ సన్నగొంతు పిల్ల పాట పెట్టి చెవి దగ్గర పట్టాను. ఆయన విన్నాడు. ఎలా ఉందని అడిగాను.

“నన్ను అడగబాకు అల్లుడూ. నా చెవి మింద నాకు నమ్మకం పొయింది.”

నలభై ఏళ్ళుగా పాటలు వినిపించినవాడి నోట ఆ మాట వినడం కష్టంగా ఉంది. టీ సగంలో వదిలేశాను.

తిరుత్తణి కొండ

ఏడాదికెన్ని రోజులో కొండకి అన్ని మెట్లంటారు. నేను సంక్రమణాలన్నిటి దగ్గరా ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఎక్కాను. పూల కావడి భుజానికెత్తుకున్న ముసలాయన ఒకడు నన్ను దాటిపోతూ, “ఏం సామీ, సంసారం బరువా?” అని తెలుగులోనే అడిగాడు. ఇక్కడి పెద్దవాళ్ళకి మనవాళ్ళం కనిపిస్తే ఒకటే మాట, మేమూ ఒకప్పుడు చిత్తూరు జిల్లానే అని. తప్పిపోయిన మేనత్త కనిపించినట్టు మాట్లాడతారు.

గుండు గీసే చోట మునిరత్నం పీట మీద కూర్చున్నాడు.

“ఏమి మొక్కు సామీ?” అన్నాడు మంగలి, తలకి నీళ్ళు పడుతూ.

“మొక్కు కాదు. తప్పు.”

“ఏమి తప్పు?”

“పాట తప్పు ఏసినా.”

మంగలి చెయ్యి ఆపి ఆలోచించాడు. “దానికి గుండంతా ఎందుకు సామీ? ఒగ కత్తెర సాలదా?”

దేవరాజు నవ్వాడు. మునిరత్నం నవ్వలేదు. ఆ తెల్లటి ఒత్తైన జుట్టు చూస్తుండగానే కింద పడింది. గంధం పూసిన గుండుతో ఆయన గుళ్ళోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చి ఇంత పంచామృతం నా చేతిలో పెట్టాడు. చాలా బాగుంది. ఆ పూట దాని రుచి గురించి మాట్లాడటం మర్యాద కాదనిపించి ఊరుకున్నాను.

రాజమ్మ ఇల్లు

కొండ కింద సందులో రాజమ్మ ఇల్లు. ముందు గది, వెనక వంటిల్లు, పక్కన గోడ. యాభై ఏళ్ళుంటాయి ఆవిడకి. పొద్దునపూట వాకిట్లోనే ఇడ్లీలు పోసి అమ్ముతుంది. మేం వెళ్ళేసరికి మర్నాటి సంతర్పణకి పప్పు ఏరుతోంది. దేవరాజు హారన్లు కట్టి వైర్లు లాగాడు. మునిరత్నం గడప దాటలేదు.

“ఏందన్నా గుండు? మొక్కు ఉండిందా?”

“రాజమ్మా, నేను నీకు ఒగ తప్పు చేసినా. ఇను. తరవాత లోపలికి రమ్మంటే వస్తా.”

నిలబడే అంతా చెప్పాడు. ప్లేటు సంగతి, మీట సంగతి, ఏమీ దాచలేదు. రాజమ్మ చేట పక్కన పెట్టి వింది. చివర నా వైపు చూసి, “ఈ అయ్య ఎవురు?” అంది.

“దేవరాజు బావ. ఈయనే కనుక్కున్నాడు.”

“అట్లనా,” అంది. ఆ ఒక్కమాటకే నాకు చెమటలు పట్టాయి. “సరి, ఆ సరైన పాట ఏందో ఏయి. ఇంటాను.”

“వద్దమ్మా. అది ఉట్టి అరుపు. రేపు ఆయన దినం పెట్టుకోని.”

“నా మొగుడి చావుకి ఏసినావు. అదేందో నాకు తెలవద్దా అన్నా?”

మునిరత్నం మీట నలభైఅయిదుకి జరిపి ముల్లు పెట్టాడు. దేవరాజు హారన్లు అప్పటికే కలిపేసిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. లండన్ కుర్రాడు తిరుత్తణి వీధి మొత్తం మీద విరుచుకుపడ్డాడు. రాజమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. పాట అయిపోయేదాకా కదల్లేదు. మునిరత్నం నేల చూస్తున్నాడు.

“ఏమంటా ఉండాడు వాడు?” అని నన్నడిగింది.

“గదిలో గడియ వేసుకున్నాడమ్మా. ఎవరు కొట్టినా తలుపు తియ్యను పొమ్మంటున్నాడు.”

“ఎవురు కొట్టినా?”

“ఎవరు కొట్టినా.”

ఆవిడ గుమ్మంలోనే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడిపించామే అనుకున్నాను. కొంగు తీసేసరికి నవ్వుతోంది. ఇంతలో గోడ అవతల నుంచి పక్కింటావిడ కేకేసింది.

“రాజమ్మా! ఏందది, గోవిందన్న వచ్చినట్టు ఉండాదే!”

“చూసినావా అన్నా?” అంది రాజమ్మ. “ఇది ఆయనే గదా!”

గోవిందసామికి కోపమొస్తే ఇదే వరస అట. సాంబారులో ఉప్పు తగ్గినా, చొక్కా గుండీ ఊడినా, ముందుగదిలోకి పోయి గడియ వేసుకుని వీధంతా వినబడేలా అరిచేవాడు. అన్నం వద్దు, ఎవరూ పిలవొద్దు, తలుపు తియ్యను. కాసేపటికి తనే తీసి, కాఫీ ఉందా అని అడిగేవాడు.

చెప్తూ చెప్తూ ఆవిడ ముందుగది తలుపు వైపు చూసింది. “ఏడాదయింది అన్నా ఈ ఇంట్లో ఎవురూ అరిచి. నేనే కసురుకుంటా ఉంటి, గొంతు తగ్గించు, వీధి ఇంటా ఉండాది అని. ఇప్పుడు చూడు, ఎంత సద్దు లేకుండా ఉండాదో.”

మునిరత్నం కళ్ళు తుడుచుకున్నాడు. “అట్లయితే నేను అప్పుడు ఏసింది తప్పే గదా అమ్మా.”

“తప్పెట్ల అవుతాది? ఇది ఆయన ఉన్నప్పటిది. అది ఆయన లేనప్పటిది. రేపు రెండూ ఏయి. ముందర ఇది, తరవాత అది.” ఆవిడ లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. “గుండు ఊరికే పాయె నీది. కాళ్ళు కడుక్కోని లోపలికి రా.”

ఆయన లోపలికి వచ్చాడు. కారప్పొడి చల్లిన దోసెలు వేసింది మాకు. మునిరత్నం ఎన్ని తిన్నాడో నేను లెక్క పెట్టలేదు గాని, రాజమ్మ రెండోసారి పిండి కలుపుకోవాల్సొచ్చింది. చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుని, “టీ కొట్టు కాడ పెట్టినావే, ఆ పిల్ల పాట, మళ్ళా పెట్టు,” అన్నాడు. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. “గొంతు మంచిదే. పాట కడాన ఆ గిటార్ల రచ్చ అవసరం లేదు, పిల్లని మింగేస్తా ఉండాయి. ఆడ తగ్గించుంటే పరోటా చెయ్యి ఆగుండును,” అన్నాడు.

నా అభిప్రాయం కూడా అదే. ఆ వారం పేజీలో దాదాపు ఆ మాటలే రాశాను. అంతకంటే ఆయన అభిప్రాయం చెప్పాడన్నదే నాకు ఎక్కువ సంతోషమనిపించింది.

మర్నాడు పొద్దున

బంధువులు, వీధివాళ్ళు, గోవిందసామితో లారీలు తోలినవాళ్ళు వచ్చారు. గోవిందసామి అన్నగారు తంతు జరిపించాడు. ముసలాయన, చాదస్తుడు. విస్తరిలో ఆయన తమ్ముడికి ఇష్టమైనవన్నీ పెట్టి గోడ మీద ఉంచాడు. కాకి వచ్చి ముట్టాలి, అప్పుడే మిగతావాళ్ళకి విస్తళ్ళు పడతాయి. మా వైపూ ఇంతే, కాకి దగ్గర మాత్రం తేడా లేదు. రెండు కాకులు అప్పటికే కరెంటు తీగ మీద వాలి ఉన్నాయి.

అప్పుడు రాజమ్మ మునిరత్నం వైపు చూసి తలూపింది.

మొదటి అరుపుకే కాకులు లేచిపోయాయి. ముసలాయన రెండు చేతులూ ఎత్తాడు. “ఆపండ్రా! ఏంది ఈ అరుపు? కాకులు పొయినాయి!”

“ఆయన అరిస్తే పొయ్యేటియే గదా బావా,” అంది రాజమ్మ. “మళ్ళా వస్తాయి.”

లారీవాళ్ళలో ఒకడు ముందు నవ్వాడు. తర్వాత ఇంకొకడు. “సాంబారులో ఉప్పు లేదు మా!” అని ఒకడు గోవిందసామి గొంతుతో అరిచాడు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సంవత్సరీకంలో అంత నవ్వు నేనెక్కడా చూడలేదు. ముసలాయన కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు, నవ్వో ఏడుపో నాకు కనిపించలేదు.

పాట ఆగింది. మునిరత్నం మీట ముప్పైమూడుకి జరిపి అదే ప్లేటు మీద అదే ముల్లు మళ్ళీ పెట్టాడు. అదే గిటారు, అదే గొంతు, ఈసారి మెల్లగా. నవ్వుతున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే మారిపోయాయి. ఇందాక సాంబారని అరిచినవాడు గోడకి తలానించి వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నాకు గోవిందసామి ఎవరో కూడా తెలియదు.

కాకి వచ్చిందా అని అడుగుతారు. వచ్చింది. ఒకటి కాదు, నాలుగైదు వచ్చి విస్తరంతా చిందరవందర చేశాయి. ముసలాయన దణ్ణం పెట్టి, ఇక ఆకులు వెయ్యమన్నాడు. జనం సర్దుకుని బంతికి కూర్చుంటున్నారు. మునిరత్నం ప్లేటు తీసి తుడిచి అట్టలో పెట్టబోతున్నాడు.

రాజమ్మ వడ్డించే గరిటెతోనే సెట్టు దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బావగారికి వినబడకుండా గొంతు తగ్గించి అడిగింది.

“అన్నా, ఇంగొక్క తూరి అరవమను.”

మునిరత్నం ప్లేటు మళ్ళీ పెట్టి, మీట నలభైఅయిదుకి జరిపాడు. నేను శబ్దం పెంచే మర చివరిదాకా తిప్పాను.